కరవది సన్నాయి

ప్రత్తి పండు నల్లరేగడి సీమలో దూదిని ఏకు వింటి మ్రోత వినవచ్చుట సహజమే. కాని ఆ వింటిని పట్టిన దూదేకుల వారిలో పెక్కు కుటుంబములు సన్నాయిని చేపట్టి, నమాజు చదివిన నోటితోనే దేవాలయద్వారమున మంగళవాద్యమును మ్రోయించుట గుంటూరు, ప్రకాశము ప్రాంతములకు దక్కిన భాగ్యమని నేను తలంతును. ఈ విద్యకు చిలకలూరిపేట పెట్టినది పేరు.

1924లో ఒంగోలు చెంతనున్న కరవదిలో జన్మించిన షేక్ చినమౌలానా, తండ్రి కాసిం సాహెబు వద్ద తొలిపాఠములు నేర్చి, పిదప చిలకలూరిపేట ఆదం సాహెబునకు శిష్యుడై, అంతటితో తృప్తి నొందక తంజావూరు బాణీకై నాచియార్‌కోవిల్ సోదరులైన రాజం, దురైకన్నులను ఆశ్రయించెను.

సన్నాయి విద్యలో రాగమునకు ముందు ఊపిరి నిలువవలెను. వ్రేళ్ళతో మూయు రంధ్రములు లేని శ్రుతివాద్యమగు ఒత్తును పట్టినవాడు శ్రుతి తెగకుండ బుగ్గలలో గాలిని నిలిపి, దానిని వెలికి నెట్టుచునే ముక్కుతో క్రొత్త గాలిని పీల్చుకొనును. ఆ క్షణమున నాలుక మూలము గొంతునకు తలుపువలె అడ్డు నిలుచును. ఇక సన్నాయి ఊదువానికి నాలుక కొన పీకను తాకి విడుచు తుత్తుకారమే స్వరమునకు అక్షరస్పష్టత నిచ్చును. ఊపిరి సాధనయు నాలుక సాధనయు ఇచ్చట వేఱు కావు.

ఊపిరికిని నాలుకకును గల ఇట్టి పొత్తును శాస్త్రమును విచారించుచున్నది. శ్వాసకండరముల వ్యాయామముచే ఆరోగ్యవంతుల నాలుక బలపడునా యని నేటి పరిశోధకులు అంగిలికిని నాలుకకును నడుమ చిన్న గాలిబుడ్డను ఉంచి, నాలుక నొక్కుడును కొలుచుచున్నారు. గడ్డపుటెముకనుండి నాలుకలోనికి విసనకఱ్ఱవలె వ్యాపించిన కండరము గాలి పీల్చునపుడు బిగిసి శ్వాసమార్గమును తెఱచి యుంచును గనుక, ఆ ప్రశ్న సహేతుకమే. నిద్రలో శ్వాస నిలిచిపోవు వ్యాధిగల 25 మందిలో కొందఱికి స్విట్జర్లాండులో నాలుగు నెలలపాటు ఆస్ట్రేలియా ఆదివాసుల డిడ్జరీడూ వాద్యమును నేర్పగా, వారి వ్యాధియు పగటి నిద్రమత్తును తగ్గినవని 2006లో ప్రకటింపబడెను. వారు రోగులు, వాద్యమును వేఱు. ఆ ఫలమును మన సన్నాయికి యథాతథముగా అంటగట్టరాదు. అయినను, మన పల్లెల గురువులు ఏ పరికరముతోను కొలువక, కేవలము చెవితో పరీక్షించి దిద్దిన కండరములివియే.

చినమౌలానా శ్రీరంగమునకు తరలి, 1982లో అచ్చట శారదా నాదస్వర సంగీతాశ్రమమును స్థాపించి, 1998లో సంగీత కళానిధి బిరుదమును అందుకొని, మఱుసటి యేడు గతించెను. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది; పురుషుల ఊపిరికే తగునని లోకము తలంచిన ఆ పొడుగాటి వాద్యమును కాలీషాబీ భర్త ప్రక్కన కూర్చుండి, ఆయనతో సమముగా ఊదును.