కొత్త పండుగ పెట్టిన హద్దు

2015 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితి 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను ఆమోదించింది. 2030 గడువు పెట్టింది. వాటిలో 12వది పొదుపుగా వాడుకోవడం గురించి, 15వది అడవినీ నేలనూ కాపాడటం గురించి. బడిలో ఈ పాఠం చెప్పే ముందు మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ పొదుపు మనకు కొత్తదా?

మామిడి కొత్త చేయకముందు కోయలు, కొండరెడ్లు మామిడిపండు నోట పెట్టరు. చిక్కుడుకూ కొత్త ఉంది. దీన్ని మూఢనమ్మకం అన్నవాళ్లున్నారు. కానీ జరిగేది చూడండి. కాయ ముదిరేదాకా చెట్టుమీదే ఉంటుంది. ఊరంతా ఒకేసారి మొదలుపెడుతుంది కాబట్టి ముందుగా దులుపుకుపోయేవాడు ఉండడు. విజ్జ పండుంలో విత్తనాన్ని వేల్పు ముందు పెట్టాకే కోయలు చల్లుతారు. పోడు కొట్టినా ఇప్పచెట్టును ఉంచేవారు. కొన్నేళ్లు పండించి ఆ చోటు వదిలేవారు. అడవి మళ్లీ లేచాకే అక్కడికి తిరిగి వచ్చేవారు.

ఈ పద్ధతి దానంతటది చెడలేదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవులు రిజర్వులయ్యాయి, పోడుపై ఆంక్షలు పెరిగాయి. తిరిగే చోటు తగ్గడంతో నేలకు విశ్రాంతినిచ్చే ఏళ్లూ తగ్గాయి. నేల అలసింది. అడవిని పాడుచేసేది గిరిజనులేనన్న నింద మాత్రం మన నెత్తిన పడింది. 1922-24 మన్యం పోరాటం వెనుక అడవి ఆంక్షలూ, రోడ్డు పనుల్లో వెట్టీ ఉన్నాయి. నిజాం రాజ్యంలో సాగుభూమి, అడవి హక్కుల కోసమే కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు.

ఈ చరిత్ర చెప్పేది ఒకటే. ఇంటి అలవాటు ఒక్కటే అడవిని కాపాడలేదు, హద్దు పెట్టే అధికారం కూడా ఊరి చేతిలో ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం సామాజిక అటవీ వనరులను కాపాడుకునే, నిర్వహించుకునే హక్కును గుర్తించింది. అందులో గ్రామసభకు అధికారం ఇచ్చింది.

అయితే మనవైపూ చూసుకోవాలి. విత్తనం సంతలో కొని పండుగ మాత్రం చేస్తే మిగిలేది డప్పుచప్పుడే. ఉపాధ్యాయులారా, ఆ 17 లక్ష్యాల పక్కన మీ ఊరి పండుగల పట్టిక రాయించండి. ఏ కాయ ఎప్పుడు కోస్తారో, ఎందుకు ఆగుతారో పిల్లలచేత పెద్దలను అడిగించండి. యువకులారా, ఆ పట్టికను గ్రామసభలో చదవండి, ఊరి కట్టుబాటుగా తీర్మానం చేయించండి. 2030 గడువు దాటిపోతుంది. మామిడి మాత్రం ప్రతి ఏడూ పూస్తుంది.