పెద్ద బుల్లెట్టా, లోతైన గాయమా: ఆత్మరక్షణ క్యాలిబర్ చరిత్ర

తుపాకీ గొట్టం లోపలి అడ్డుకొలతను క్యాలిబర్ అంటారు. మన వాడుకలో దీనికి బోరు అన్న మాటే ఎక్కువ. అమెరికా, బ్రిటన్‌లలో ఈ కొలతను అంగుళాల్లోను, ఐరోపా ఖండంలో మిల్లీమీటర్లలోను చెప్పడం ఆనవాయితీ కనుక, .45 అంటే అంగుళంలో నూటికి నలభై ఐదు వంతులు, అనగా 11.43 మిల్లీమీటర్లు. ఆత్మరక్షణకు ఉంచుకునే చేతి తుపాకీకి ఏ బోరు తగినదన్న వాదం అమెరికాలో తరతరాలుగా సాగి, ప్రధానంగా .45కు, 9 మిల్లీమీటర్లకు మధ్య పోటీగా నిలిచింది. ఈ రెండింటి బుల్లెట్ల అడ్డుకొలతల్లో తేడా రెండున్నర మిల్లీమీటర్లకు మించదు. ఇంత సన్నని తేడా మీద ఇంత పట్టుదల ఎందుకు పెరిగిందో పరిశీలిస్తే, ప్రతి తరమూ తనకు ఎదురైన తాజా చేదు అనుభవానికి విరుగుడుగా క్యాలిబర్‌ను ఎంచుకున్నదని తెలుస్తుంది.

చరిత్రలోకి వెళ్లే ముందు రెండు మూడు మాటల అర్థం తెలియాలి. తూటా అంటే ఇత్తడి తొడుగు, దాని అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమర్, లోపలి మందు, మూతి దగ్గర బిగించిన బుల్లెట్ కలిసినది. బుల్లెట్ బరువును గ్రెయిన్లలో చెబుతారు. ఒక గ్రాముకు సుమారు 15.4 గ్రెయిన్లు. తూటా పేరులోని అంకె అన్నివేళలా అసలు కొలత కాదు. .38 స్పెషల్ బుల్లెట్ అడ్డుకొలత నిజానికి .357 అంగుళాలే. తొలి రోజుల .38 తూటాలలో బుల్లెట్, తొడుగు వెలుపలి కొలతతో సమానంగా ఉండేది. తరువాత బుల్లెట్‌ను తొడుగు లోపలికి దిగేలా సన్నం చేసినా పాత పేరు అలాగే ఉండిపోయింది. .357 మాగ్నం రివాల్వర్‌లో .38 స్పెషల్ తూటా ఇమిడిపోవడానికి కారణం ఇదే.

అమెరికా సైన్యం 1873లో కోల్ట్ కంపెనీ .45 రివాల్వర్‌ను స్వీకరించింది. దాని బుల్లెట్ 255 గ్రెయిన్ల సీసపు ముద్ద. 1892లో సైన్యం దాన్ని పక్కనపెట్టి, తేలికైన .38 లాంగ్ కోల్ట్ తూటాను పేల్చే కొత్త రివాల్వర్‌ను తీసుకున్నది. కొత్త రివాల్వర్‌లో ట్రిగ్గర్ నొక్కితే చాలు, సుత్తి తనంతట వెనక్కి లేచి పడేది. చేతికీ హాయిగా ఉండేది. అయితే 1899 తరువాత ఫిలిప్పీన్స్ యుద్ధంలో, ముఖ్యంగా దక్షిణ ద్వీపాల మోరో యోధులతో జరిగిన పోరాటాల్లో, కత్తి ఎత్తి మీదికి వచ్చే మనిషి ఈ తూటాలు తగిలినా ఆగడం లేదని సైనికులు ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదులనుంచే ఎదుటివాడిని నిలువరించే శక్తి, అంటే స్టాపింగ్ పవర్, ఈ చర్చకు మూలసూత్రమైంది.

దీనిని తేల్చేందుకు 1904లో ఆయుధ విభాగానికి చెందిన జాన్ థామ్సన్, సైనిక వైద్యుడు లూయీ లగార్డ్ కలిసి షికాగో పశువుల దొడ్డిలో పరీక్షలు జరిపారు. వేర్వేరు బోర్ల తుపాకులతో పశువులను కాల్చి, అవి ఎంతసేపటికి కూలాయో చూశారు. మానవ శవాలను వేలాడదీసి కాల్చి, దెబ్బకు అవి ఎంత ఊగాయో, ఎముక ఎలా విరిగిందో గమనించారు. నేటి కొలమానాలతో చూస్తే ఆ పద్ధతి మోటుది. వేలాడే శవం ఊగడానికీ, బతికున్న మనిషి కూలడానికీ సంబంధం తక్కువ. ఏ సైనిక చేతి తుపాకీ బోరైనా .45కు తగ్గరాదన్న వారి నిర్ణయం మాత్రం శాసనమై కూర్చుంది. దానికి తగినట్టు జాన్ బ్రౌనింగ్ రూపొందించిన .45 ఏసీపీ తూటా, దాన్ని పేల్చే పిస్తోలు 1911లో సైన్యంలో చేరి, డెబ్బై ఏళ్లకు పైగా కొనసాగాయి.

ఐరోపా మరో దారి పట్టింది. జర్మనీలో జార్జ్ లూగర్ 1902 నాటికి రూపొందించిన 9 మిల్లీమీటర్ల పారాబెల్లం తూటాను జర్మన్ నౌకాదళం 1904లో, సైన్యం 1908లో స్వీకరించాయి. ఈ రెండు తూటాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే వాదం మూలం బయటపడుతుంది. 9 మిల్లీమీటర్లలో 115 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు దాదాపు 360 మీటర్ల వేగంతో వెళితే, దానికి రెట్టింపు బరువున్న .45 బుల్లెట్, 230 గ్రెయిన్లది, దాదాపు 255 మీటర్ల వేగంతో వెళుతుంది. లెక్క కడితే రెండింటి గతిశక్తీ ఇంచుమించు 480 జౌళ్లే. బరువును వేగంతో గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం మాత్రం .45కు నూటికి నలభై పాళ్లు ఎక్కువ. గతిశక్తిని ప్రమాణంగా తీసుకున్నవారికి రెండూ సమానంగా, ద్రవ్యవేగాన్ని నమ్మినవారికి .45 బలీయంగా కనిపించడంలో వింత లేదు. అయితే ఆ ద్రవ్యవేగమే పేల్చినవాడి చేతిని వెనక్కి తన్నే రీకాయిల్‌గా తిరిగివస్తుందన్న సంగతి చాలాకాలం వాదంలో వెనుకబడింది.

బ్రిటిష్ సామ్రాజ్యంలో ఈ కథకు భారతదేశంతో సూటి సంబంధం ఉంది. తగలగానే విచ్చుకునే రైఫిల్ బుల్లెట్‌కు పేరు కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారం నుంచి వచ్చింది. అదే ఆలోచనతో వెబ్లీ .455 రివాల్వర్‌కు 1898లో మూతి గుంటగా ఉండే బుల్లెట్‌ను చేశారు. దేహంలో సులువుగా విచ్చుకునే, చదునయ్యే బుల్లెట్లను యుద్ధంలో వాడరాదని 1899 హేగ్ ప్రకటన చెప్పడంతో అది త్వరలోనే సేవనుంచి తొలగింది. నాటినుంచి సైన్యాల తూటాలు గట్టి లోహపు తొడుగు బుల్లెట్లతోను, పోలీసుల, పౌరుల తూటాలు క్రమేణా గుంట మూతి బుల్లెట్లతోను రెండు పాయలయ్యాయి. గుంట మూతిది దేహంలో విచ్చుకొని వెడల్పై, వేగం కోల్పోతుంది కనుక, మనిషిని దాటి వెనకనున్నవారికి తగిలే ప్రమాదం తగ్గుతుంది. సైనికుడికి సరిపడిన క్యాలిబర్ పౌరుడికీ సరిపోతుందన్న ఊహ బలహీనపడింది ఈ చీలికతోనే.

పోలీసుల కథ చిన్న బోరుతో మొదలైంది. న్యూయార్క్ పోలీసు కమిషనర్లలో ఒకడిగా థియొడోర్ రూజ్‌వెల్ట్ 1896లో తన సిబ్బందికి .32 కోల్ట్ రివాల్వర్‌ను ప్రామాణికం చేశాడు. తరువాతి దశాబ్దాల్లో .38 స్పెషల్ దేశమంతటా పోలీసు తూటాగా స్థిరపడింది. దొంగలు కార్లలో తిరిగే కాలం వచ్చాక, కారు రేకును చీల్చే బలం కోసం 1935లో .357 మాగ్నం పుట్టింది. జేబులో ఇమిడే .25, .32, .380 ఏసీపీ పిస్తోళ్లు పౌరుల మధ్య వాడుకలో ఉన్నా, వాటి ఎంపికకు గాయం కన్నా దాపరికమే కారణం.

మలుపు 1986 ఏప్రిల్ 11న మయామీలో వచ్చింది. ఇద్దరు దోపిడీదారులతో అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఏజెంట్లు జరిపిన కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లు మరణించారు, ఐదుగురు గాయపడ్డారు. పోరు తొలి ఘట్టంలోనే ఒక ఏజెంటు పేల్చిన 9 మిల్లీమీటర్ల గుంట మూతి బుల్లెట్ ఒక దోపిడీదారు కుడి భుజం కింది చేతిని దాటి, రొమ్ములోకి దిగి, ఊపిరితిత్తిని చీల్చి, గుండెకు ఒకటి రెండు అంగుళాల దూరంలో ఆగిపోయింది. అతడు ఆ గాయంతోనే రైఫిల్ పట్టి ఆ తరువాతా పోరాడాడు. రైఫిల్ ముందు చేతి తుపాకులు తేలిపోయాయన్నది ఒక విశ్లేషణ కాగా, ఎఫ్‌బీఐ మాత్రం బుల్లెట్ చాలినంత లోతుకు పోలేదన్న దాన్నే ప్రధాన పాఠంగా తీసుకుంది.

అప్పటికే సైనిక శస్త్రవైద్యుడు మార్టిన్ ఫాక్లర్ గాయాలను ప్రయోగశాలలో కొలిచే పద్ధతిని రూపొందించాడు. మాంసానికి దగ్గరి గుణమున్న జెలటిన్‌ను పదో వంతు పాళ్లలో కలిపి, నాలుగు డిగ్రీల సెల్సియస్‌కు చల్లార్చి, అందులోకి బుల్లెట్‌ను పేల్చి దారి లోతును కొలుస్తారు. దేహం బుల్లెట్ చుట్టూ క్షణకాలం సాగి తిరిగి మూసుకునే తాత్కాలిక కుహరానికి చేతి తుపాకుల వేగంలో పెద్ద ప్రాముఖ్యం లేదని, బుల్లెట్ నలిపిన శాశ్వత మార్గమే గాయమని ఆయన వాదించాడు. 1989లో ఎఫ్‌బీఐ పత్రం దీనికి కనీసం 12 అంగుళాల లోతు అన్న ప్రమాణం చేర్చింది. మెదడుకో వెన్నుపాముకో తగిలితే తప్ప మనిషి వెంటనే కూలడని, గుండె నాశనమైనా మెదడులోని ప్రాణవాయువుతో పది పదిహేను సెకన్లు తెలిసి పోరాడగలడని కూడా అది చెప్పింది. నిలువరించే శక్తి అన్న పాత నమ్మకానికి ఇంతకన్నా గట్టి దెబ్బ లేదు.

ఆ తరువాత ఎఫ్‌బీఐ 10 మిల్లీమీటర్ల తూటాను చేపట్టి, దాని తన్ను ఎక్కువ కావడంతో మందు తగ్గించింది. మందు తగ్గాక తొడుగులో మిగిలిన ఖాళీని తీసివేస్తే 1990లో .40 స్మిత్ అండ్ వెసన్ తయారైంది. 1994 నుంచి 2004 వరకు అమెరికా చట్టం పౌరులకు అమ్మే కొత్త మ్యాగజైన్లలో, అంటే తుపాకీలో అమర్చే తూటాల పెట్టెల్లో, పది తూటాలకు మించరాదనడంతో, లెక్క పెరగని చోట బోరైనా పెరగనీ అన్న ఆలోచన .40కి, .45కు గిరాకీ పెంచింది. అయితే బుల్లెట్ తయారీ మెరుగై, 9 మిల్లీమీటర్లది సైతం విచ్చుకుంటూనే కావలసిన లోతుకు వెళ్లసాగింది. 2014లో ఎఫ్‌బీఐ శిక్షణ విభాగం ఒక పత్రంలో తిరిగి 9 మిల్లీమీటర్లనే సమర్థించింది. మ్యాగజైన్‌లో ఎక్కువ తూటాలు, తక్కువ తన్ను, వేగంగా మరో గురి అన్నవి కారణాలు. కాల్పుల వేళ పోలీసులు పేల్చే తూటాల్లో నూటికి 70 నుంచి 80 గురి తప్పుతాయని ఆ పత్రం ఒప్పుకున్నది.

భారతదేశంలో ఈ పరిణామమంతా పౌరుడి గడప దాటి లోపలికి రాలేదు. ఇక్కడ ఎంపిక చేసేది చట్టం. 1959 ఆయుధాల చట్టం కింద 9 మిల్లీమీటర్లు, .38 వంటి సైన్య, పోలీసు తూటాలను పేల్చే చేతి తుపాకులు నిషిద్ధ బోరు కిందికి వస్తాయి. వాటికి అనుమతి కేంద్ర ప్రభుత్వం చేతిలోనే ఉంటుంది. హైదరాబాద్‌లో పోలీసు కమిషనర్ నుంచో, జిల్లాలో కలెక్టర్ నుంచో మామూలు లైసెన్సు పొందినవాడికి మిగిలేది ప్రధానంగా .32. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల .32 రివాల్వర్, 2014లో స్త్రీల కోసమంటూ వచ్చిన సుమారు అరకిలో బరువు నిర్భీక్ రెండూ ఆ తరగతివే. న్యూయార్క్ పోలీసులు ఎన్నడో వదిలేసిన బోరు ఇక్కడ ఆత్మరక్షణ బోరుగా నిలిచిందంటే, దానికి గాయాల శాస్త్రంతో సంబంధం లేదు.

1904 నాటి థామ్సన్–లగార్డ్ నివేదికలో .45 అన్న అంకెతో పాటు మరో మాట కూడా ఉంది. దేహంలో చాలా భాగాలకు తగిలిన బుల్లెట్ శత్రువును వెంటనే ఆపుతుందన్న ఆశ లేదు కనుక, చేతి తుపాకీ పట్టే సైనికుడికి గురి సాధన ఎడతెగకుండా నేర్పాలని అందులో రాశారు. అంకె గుర్తు పెట్టుకోవడానికి తేలిక కాబట్టి అది నిలిచింది; సాధన మాట కాగితాల్లో ఉండిపోయింది. నూటపది ఏళ్ల తరువాత ఎఫ్‌బీఐ చిన్న బోరుకు తిరిగివచ్చినప్పుడు చూపిన కారణాల్లో బలమైనది, తన్ను తక్కువైన తుపాకీతో మనిషి మెరుగ్గా గురి పెడతాడన్నదే.