హెచ్‌డీఆర్ స్టిక్కరు వేరు, వెలుగు వేరు



మన హాలుకు పిల్లకాయల కోసం గేమ్ కన్సోలూ, పెద్ద టీవీ కొనాలని పోయిన కూటంలో అనుకున్నాము. తెలుగు తరగతికి రాని పిల్లలు ఆటకైనా వస్తారు, వస్తే నాలుగు తెలుగు మాటలు వింటారు అని ఆశ. డబ్బు అందరి చందా. అందుకని టీవీకీ ఆటకీ సంబంధం ఎట్లా పెరిగిందో ముందు చెప్తాము.

ఇంటి టీవీకి తగిలించి ఆడే మొదటి కన్సోల్ మాగ్నవాక్స్ ఒడిస్సీ. 1972లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. దానికి మూలం రాల్ఫ్ బేర్ అనే ఇంజనీరు. అది రంగులు చూపలేదు. తెరమీద తెల్ల చుక్కలు, ఒక గీత, అంతే. రంగుల కోసం ప్లాస్టిక్ రేకులు ఇచ్చినారు, వాటిని తెరకు అంటించి ఆడాలి. టీవీ సైజును బట్టి రేకు ఉండేది. అంటే టీవీ చూసుకొని ఆట కొనే కష్టం మొదటి రోజునుంచే ఉంది.

మన మద్రాసుకు దూరదర్శన్ 1975లో వచ్చింది, దేశానికి రంగు 1982లో వచ్చింది. ఆ గుండు టీవీలో సిగ్నల్ వచ్చిన క్షణమే తెర వెలిగేది. తరువాత వచ్చిన పలక టీవీ బొమ్మను సరిదిద్ది చూపుతుంది, అందుకు కొంచెం సమయం తీసుకుంటుంది. సినిమాకు పరవాలేదు. ఆటలో మీట నొక్కినాక బొమ్మ ఆలస్యంగా దూకితే పిల్లకాయ ఓడిపోతాడు. ఆ ఆలస్యం తగ్గించేదే గేమ్ మోడ్.

పాత టీవీ బొమ్మను సుమారు 100 నిట్స్ వెలుగును లెక్కపెట్టి తయారు చేసేవారు. 2015లో ప్రకటించిన హెచ్‌డీఆర్10 ఆ హద్దు తీసేసింది. దాని కొలబద్ద 10,000 నిట్స్ వరకు పోతుంది. 2016లో ఎక్స్‌బాక్స్ వన్ ఎస్, పీఎస్4 ప్రో ఈ వెలుగును ఆటలోకి తెచ్చినాయి.

చిక్కు ఇక్కడే. పెట్టెమీద హెచ్‌డీఆర్ అని రాసి ఉంటే, ఆ సిగ్నల్‌ను టీవీ తీసుకుంటుంది అని మాత్రమే అర్థం. దాన్ని చూపే వెలుగు ఉందని కాదు. చౌక టీవీలు చాలావరకు 300 నిట్స్ దగ్గరే ఆగిపోతాయి. రైల్వే భాషలో చెప్పాలంటే అది ప్లాట్‌ఫారం టికెట్టు. లోపలికి విడుస్తారు, బండి ఎక్కనివ్వరు.

అంగడిలో నాలుగు సంగతులు అడగాలి. ఎక్కువలో ఎక్కువ వెలుగు ఎన్ని నిట్స్? తెర వెనక దీపాలు భాగం భాగంగా ఆరి వెలుగుతాయా? గేమ్ మోడ్‌లో ఆలస్యం ఎన్ని మిల్లీసెకన్లు? పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 4కేలో సెకనుకు 120 బొమ్మలు ఇవ్వగలవు, అందుకు తగిన హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు ఉందా?

ఓఎల్ఈడీలో నలుపు నిజంగా నలుపే. కానీ స్కోరు పట్టీ ఒకే చోట గంటలకొద్దీ నిలిస్తే మచ్చ పడే ప్రమాదం ఉంది. మన హాలుకు కిటికీలు ఎక్కువ, వాడకం పగలే. అందుకని మినీ ఎల్ఈడీ మేలని మా అభిప్రాయం.

డబ్బు చాలకపోతే సైజు తగ్గించుకుందాము, వెలుగు తగ్గించుకోవద్దు. అంగడివాడు వేసే డెమో వీడియో చూసి తీర్మానించవద్దు. ఇద్దరు పిల్లకాయలను కూడా పిలుచుకొని పోయి, కన్సోల్ తగిలించి ఆడనిచ్చి, ఆ తరువాత ధర మాట్లాడుదాము.