షేక్‌స్పియర్ నాటకాల భాష - నేటి పాఠకులు, ప్రేక్షకులు

ఆంగ్ల నాటక రచయిత విలియం షేక్‌స్పియర్ (1564 - 1616) నాటకాలు నాలుగు వందల సంవత్సరాల క్రితపు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆ భాషలోని అనేక పదాలు, వ్యాకరణ రూపాలు నేడు వాడుకలో లేవు. వాడుకలో మిగిలిన పదాలలో కూడా కొన్నింటి అర్థాలు మారిపోయాయి. అయినప్పటికీ ఈ నాటకాలు అనేక దేశాలలో ప్రదర్శింపబడుతూనే ఉన్నాయి. పాఠశాలలలోను, కళాశాలలలోను పాఠ్యాంశాలుగా నిలిచి ఉన్నాయి. నేటివారు వీటిని నిజంగా ఆనందిస్తున్నారా, లేక పెద్ద పేరుకు భయపడి గౌరవిస్తున్నారా అనే ప్రశ్న చాలాకాలంగా చర్చలో ఉంది. ఆ చర్చను, దానికి ఆధారమైన భాషా విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

నాటకాలు, వాటి కాలం

షేక్‌స్పియర్ భాషను "పాత ఇంగ్లీషు" అనడం పరిపాటి గాని, శాస్త్రీయంగా అది సరికాదు. పాత ఇంగ్లీషు బేవుల్ఫ్ కావ్యం నాటి భాష. దానిని ప్రత్యేకంగా అభ్యసించనిదే నేటి ఆంగ్లేయులు కూడా చదవలేరు. 14వ శతాబ్దికి చెందిన ఛాసర్ కవిది మధ్యకాలపు ఇంగ్లీషు. షేక్‌స్పియర్ రాసినది తొలి ఆధునిక ఇంగ్లీషు. అనగా నేటి భాషకు అది పూర్వరూపమే గాని వేరే భాష కాదు. అందువలననే పాఠకుడికి చాలా భాగం అర్థమవుతూ, అక్కడక్కడ హఠాత్తుగా అడ్డు తగులుతుంది.

ఈ నాటకాలు సుమారు 1590 - 1613 మధ్యకాలంలో వెలువడ్డాయి. లండన్‌లోని గ్లోబ్ నాటకశాలను 1599లో నిర్మించారు. ఒక పెన్నీ చెల్లించినవారు ఆరుబయట ఆవరణలో నిలబడి నాటకం చూసేవారు. ఆ గుంపులో పనివాళ్ళు, చేతిపనులు నేర్చుకునే కుర్రవాళ్ళు ఉండేవారు. వారిలో చదువురానివారు కూడా ఉండేవారు. షేక్‌స్పియర్ మరణించిన ఏడేళ్ళకు, 1623లో, ఆయన సహనటులైన జాన్ హెమింగ్స్, హెన్రీ కాండెల్ 36 నాటకాలను ఒక సంపుటంగా వెలువరించారు. వీటిలో 18 నాటకాలు అంతకుముందు అచ్చు కాలేదు. అంటే ఇవి ప్రధానంగా చెవితో వినడానికి, కంటితో చూడడానికి పుట్టిన రచనలు. పుస్తకంగా చదవడం తరువాత వచ్చిన అలవాటు.

భాష కష్టమనిపించడానికి కారణాలు

* వాడుక తప్పిన పదాలు: ఇవి అంత ప్రమాదకరమైనవి కావు. తెలియని పదం అని పాఠకుడికి వెంటనే తెలుస్తుంది, నిఘంటువు చూసుకుంటాడు.
* అర్థం మారిన పదాలు: ఇవే ఎక్కువ మోసం చేస్తాయి. "ప్రెజెంట్లీ" అనే మాటకు ఆనాడు "వెంటనే" అని అర్థం. "ఫాండ్" అంటే చాలాచోట్ల "తెలివితక్కువ" అని అర్థం. జూలియట్ మేడ మీద నుండి పలికే "వేర్‌ఫోర్" అనే పదానికి "ఎక్కడ" అని అర్థం చెప్పుకునేవారు చాలామంది ఉన్నారు. దాని అసలు అర్థం "ఎందుకు". ఆమె రోమియో ఎక్కడున్నాడని వెదకడం లేదు. శత్రువుల ఇంటి పేరు గలవాడు ఎందుకయ్యాడని బాధపడుతున్నది.
* సర్వనామాలు: ఆనాటి ఇంగ్లీషులో ఎదుటివారిని పిలవడానికి "దౌ", "యూ" అని రెండు పదాలుండేవి. చనువు, ప్రేమ, తృణీకారం చూపవలసినప్పుడు మొదటిది, మర్యాదకు రెండవది వాడేవారు. ఈ తేడా నేటి ప్రామాణిక ఇంగ్లీషులో లేదు. "నువ్వు", "మీరు" నిత్యం వాడే తెలుగువారికి మాత్రం ఇది సులభంగా బోధపడుతుంది. హామ్లెట్ నాటకం మూడవ అంకంలో తల్లి కొడుకును "దౌ" అని మందలిస్తుంది. అతడు అదే వాక్యాన్ని తిప్పి "యూ" అని జవాబిస్తాడు. కన్నతల్లిని చనువు లేకుండా "మీరు" అనడంలోని చల్లదనం నేటి ఆంగ్లేయుడి చెవికి అందకపోవచ్చు గాని తెలుగు పాఠకుడి మనసుకు తగులుతుంది.
* ఉచ్చారణ: యాజ్ యు లైక్ ఇట్ నాటకంలో ఒక విదూషకుడు కాలం గడవడం గురించి మాట్లాడగా విన్నానని, గంటసేపు నవ్వు ఆపుకోలేకపోయానని ఒక పాత్ర చెబుతుంది. నేటి ఉచ్చారణలో ఆ మాటల్లో నవ్వవలసినది ఏమీ కనిపించదు. ఆ కాలంలో "గంట" అనే అర్థం గల ఇంగ్లీషు పదం, "వేశ్య" అనే అర్థం గల పదం ఒకే విధంగా వినబడేవి. ఉచ్చారణ మారడంతో శ్లేష పోయింది, హాస్యం కూడా పోయింది.
* సమకాలీన ప్రస్తావనలు: మాక్‌బెత్‌లో ద్వారపాలకుడు ద్వంద్వార్థాలతో మాట్లాడేవారిని ఎగతాళి చేస్తాడు. రాజుపై జరిగిన కుట్ర కేసులో 1606లో ఉరితీయబడిన హెన్రీ గార్నెట్ అనే మతగురువును ఇది గుర్తుచేస్తుందని పండితులు భావిస్తారు. ఆనాటివారికి అది నిన్నటి వార్త, నేటివారికి అథోజ్ఞాపిక.

ఈ కారణాల వలన విషాదాంత నాటకాలకంటె హాస్య నాటకాలే త్వరగా పాతబడ్డాయని చెప్పవచ్చు. దుఃఖానికి వివరణ అంతగా అవసరం లేదు. వివరించిన హాస్యానికి నవ్వు రాదు.

పూర్వం వచ్చిన అభ్యంతరాలు

షేక్‌స్పియర్‌ను అందరూ ఎల్లకాలం మెచ్చుకున్నారనడం నిజం కాదు. దినచర్య రచయితగా ప్రసిద్ధుడైన శామ్యూల్ పీప్స్ 1662లో ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్ చూసి విసుగు చెందాడు. 1681లో నాహమ్ టేట్ కింగ్ లియర్ నాటకాన్ని తిరగరాసి, విదూషకుడి పాత్రను తొలగించి, కార్డీలియాను బ్రతికించి, ఆమెకు పెళ్ళి చేసి సుఖాంతం చేశాడు. ఇంగ్లీషు రంగస్థలంపై దాదాపు 150 ఏళ్ళు ఈ మార్పు చేసిన నాటకమే రాజ్యమేలింది. 1838లో నటుడు విలియం మాక్రెడీ విదూషకుడితో సహా అసలు నాటకాన్ని తిరిగి వేదికపైకి తెచ్చాడు.

రష్యన్ రచయిత లియో టాల్‌స్టాయ్ తన వ్యాసంలో (ప్రచురణ 1906) షేక్‌స్పియర్ నాటకాలు తనకు ఏనాడూ ఆనందం కలిగించలేదని ప్రకటించాడు. ఆయన వాటిని ఇంగ్లీషులోనే కాక రష్యన్, జర్మన్ అనువాదాలలో కూడా చదివాడు. కనుక ఆయన అసంతృప్తికి పాత భాష ఒక్కటే కారణమనలేము. దీనికి జార్జ్ ఆర్వెల్ 1947లో సమాధానం రాశాడు. వృద్ధాప్యంలో సర్వం త్యజించి బాధపడిన లియర్ కథ టాల్‌స్టాయ్ జీవితానికి మరీ దగ్గరగా ఉండడమే ఆయన కోపానికి కారణం కావచ్చునని ఆర్వెల్ అభిప్రాయం.

నేటి ఇంగ్లీషులోకి మార్చాలా?

అమెరికాలోని ఓరెగాన్ షేక్‌స్పియర్ ఫెస్టివల్ 2015లో ఒక పథకాన్ని ప్రకటించింది. దీని ప్రకారం 36 మంది నాటక రచయితలు 39 నాటకాలను నేటి ఇంగ్లీషులోకి మార్చాలి. దీనిపై తీవ్రమైన వాదోపవాదాలు జరిగాయి.

భాషా శాస్త్రవేత్త జాన్ మెక్‌వర్టర్ ఈ ప్రయత్నాన్ని సమర్థించాడు. ప్రేక్షకులు తమకు అర్థమైందనుకుంటున్న చోట కూడా అసలు అర్థం జారిపోతున్నదని, ఒప్పుకోవడానికి మాత్రం సిగ్గుపడుతున్నారని ఈ పక్షం వాదన. షేక్‌స్పియర్ పండితుడు జేమ్స్ షాపిరో వ్యతిరేకించాడు. పదాల ధ్వని, లయ, ఒకే మాటలో పలు అర్థాలు పలికే శక్తి తీసివేస్తే మిగిలేది కథ మాత్రమేనని, ఆ కథలు చాలావరకు షేక్‌స్పియర్ ఇతరుల నుండి తీసుకున్నవేనని ఈ పక్షం చెబుతుంది. లోపం భాషలో లేదు, అర్థం తెలియకుండా అప్పగించే నటులలోను, దర్శకులలోను ఉంది అని కూడా వీరు అంటారు.

రెండు వాదాలలోను సత్యం ఉంది. ఇబ్బంది పడే పాఠకుడు మందబుద్ధి కాడు; అడ్డంకి నిజంగానే ఉన్నది. అయితే ఆ అడ్డంకి అన్నిచోట్లా ఒకే ఎత్తులో లేదు.

రంగస్థలంపై, తెరపై

పుస్తకంలో అర్థం కాని వాక్యం వేదికపై అర్థమవుతుంది. నటుడి గొంతు, చూపు, చేయి అర్థాన్ని మోస్తాయి. పైగా దర్శకులు నాటకాన్ని కుదిస్తారు. హామ్లెట్‌ను ఒక్క పంక్తి విడువకుండా ఆడితే సుమారు నాలుగు గంటలు పడుతుంది. సాధారణంగా అంతసేపు ఆడరు.

అమెరికన్ నటుడు శామ్ వానమేకర్ కృషి ఫలితంగా లండన్‌లో పాత గ్లోబ్ నమూనాలో కట్టిన నాటకశాల 1997లో ప్రారంభమైంది. ఇక్కడ సుమారు 700 మంది నిలబడి నాటకం చూడవచ్చు. 2004లో భాషా శాస్త్రవేత్త డేవిడ్ క్రిస్టల్ సహాయంతో ఇక్కడ రోమియో అండ్ జూలియట్‌ను ఆనాటి ఉచ్చారణతో ప్రదర్శించారు. 1996లో బజ్ లుర్మన్ అదే నాటకాన్ని తుపాకులు, కార్లు గల ఆధునిక నగరంలో సినిమాగా తీసినా, సంభాషణలను మాత్రం కుదించి పాత భాషలోనే ఉంచాడు. ఆ సినిమా యువతను ఆకట్టుకుంది.

అనువాదాలలో

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. జర్మనీ, జపాను, భారతదేశాల ప్రేక్షకులు షేక్‌స్పియర్‌ను తమకు దగ్గరైన భాషలో వినగలరు; అనువాదం పాతబడితే కొత్త అనువాదం వస్తుంది. ఇంగ్లీషువారికే ఆ సౌకర్యం అంతగా లేదు. 2012లో లండన్ గ్లోబ్‌లో 37 నాటకాలను 37 భాషలలో ప్రదర్శించారు. వీటిలో హిందీ, గుజరాతీ, ఉర్దూ, బెంగాలీ ఉన్నాయి. అకిరా కురొసావా మాక్‌బెత్ ఆధారంగా 1957లోను, కింగ్ లియర్ ఆధారంగా 1985లోను జపనీస్ సినిమాలు తీశాడు. విశాల్ భరద్వాజ్ హిందీలో మక్బూల్ (2003), ఓంకార (2006), హైదర్ (2014) తీశాడు. వీటిలో షేక్‌స్పియర్ ఇంగ్లీషు లేదు, అయినా నాటకం బ్రతికే ఉంది.

తెలుగులో 19వ శతాబ్దంలోనే అనువాదాలు మొదలయ్యాయి. వావిలాల వాసుదేవశాస్త్రి జూలియస్ సీజర్‌ను సీజరు చరిత్రము పేరుతో అనువదించాడు. కందుకూరి వీరేశలింగం కామెడీ ఆఫ్ ఎర్రర్స్‌ను చమత్కార రత్నావళిగా మలిచాడు. కె.వి.రెడ్డి దర్శకత్వంలో 1949లో వచ్చిన గుణసుందరి కథ సినిమాకు కింగ్ లియర్ కథ ప్రేరణ.

పాత భాష ఆనందానికి పూర్తిగా అడ్డు కాదనడానికి మన పద్యనాటకమే నిదర్శనం. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలలోని గ్రాంథిక పద్యాలకు ప్రతిపదార్థం చెప్పలేనివారు కూడా వాటిని విని "వన్స్ మోర్" అన్నారు. కథ ముందే తెలియడం, రాగం తోడవడం అందుకు దోహదం చేశాయి.

విద్యార్థులు - షేక్‌స్పియర్

భారతదేశంలో చాలామందికి ఈ నాటకాలతో తొలి పరిచయం వేదికపై కాక తరగతి గదిలో జరిగింది. 1807లో చార్లెస్ లాంబ్, మేరీ లాంబ్ పిల్లల కోసం రాసిన కథల పుస్తకం ఎన్నో తరాలకు ప్రవేశద్వారమైంది. పరీక్ష కోసం టిప్పణి కంఠస్థం చేసినవారు నాటకాన్ని ద్వేషించడం సహజం. వారు ద్వేషించినది టిప్పణిని, నాటకాన్ని కాదు.

మొదట కథ తెలుసుకుని, తరువాత ప్రదర్శన గాని సినిమా గాని చూసి, ఆ పిమ్మట మూలం చదవడం సులభమైన మార్గం. కామెడీ ఆఫ్ ఎర్రర్స్ అన్నిటికంటె చిన్న నాటకం. విషాదాంత నాటకాలలో మాక్‌బెత్ చిన్నది. వీటితో ఆరంభించవచ్చు. శ్లేషలతో నిండిన లవ్స్ లేబర్స్ లాస్ట్ వంటివి తరువాతకు ఉంచుకోవడం మంచిది. కథలోని, పాత్రలలోని ఆనందం ఏ భాషలోనైనా లభిస్తుంది. మాటలలో దాగిన ఆనందం మాత్రం కొంత శ్రమ కోరుతుంది.

ఇవి కూడా చూడండి

* విలియం షేక్‌స్పియర్
* పద్యనాటకం
* కందుకూరి వీరేశలింగం
* గుణసుందరి కథ