హాఫెల్ నది మీద రెండు జర్మనీలు: బిర్గిట్ ఫిషర్ క్రీడా జీవితం

జర్మనీ ఏకీకరణ అనగానే 1989 నవంబర్ 9న బెర్లిన్ గోడ తెరుచుకున్న రాత్రి, 1990 అక్టోబర్ 3న రెండు రాజ్యాలు ఒకటైన రోజు గుర్తుకు వస్తాయి. ఆ రెండు తేదీల నడుమ ముగిసిపోయినట్టు కనిపించే ఆ మార్పులో తూర్పు ప్రాంతం ఏమి పోగొట్టుకుందో, ఏమి నిలుపుకుందో తెలియాలంటే, రాజకీయ నాయకుల జీవితాల కన్నా బిర్గిట్ ఫిషర్ అనే కాయక్ క్రీడాకారిణి జీవితం ఎక్కువ ఉపకరిస్తుంది. 1980 నుంచి 2004 వరకు ఆరు ఒలింపిక్స్‌లో పోటీపడి ఆమె ఎనిమిది స్వర్ణాలు, నాలుగు రజతాలు గెలిచింది. వాటిలో నాలుగు పతకాలు నేడు పటంలో లేని తూర్పు జర్మనీవి, మిగిలిన ఎనిమిదీ ఏకీకృత జర్మనీవి.

కాయక్ సన్నగా, పొడవుగా ఉండే తేలికపాటి పడవ. అందులో కూర్చున్నవారు ముందుకు చూస్తూ, రెండు కొసలా రెక్కలున్న తెడ్డును కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి నీటిలో వేస్తారు. ఆ తెడ్డు పడవకు ఎక్కడా బిగించి ఉండదు. ఒంటి మోకాలి మీద నిలిచి, ఒకే రెక్క ఉన్న తెడ్డుతో నడిపే పడవ కానూ. ఫిషర్ కాలంలో మహిళల ఒలింపిక్ పందెం 500 మీటర్లు. నలుగురు కూర్చునే పడవ పొడవు 11 మీటర్ల దాకా ఉంటుంది, ఒకటిన్నర నిమిషంలో పందెం ముగుస్తుంది. ముందు కూర్చున్నవారి లయను వెనుక ముగ్గురూ తు.చ. తప్పకుండా అనుసరించాలి, ఒక్క తెడ్డు రవంత ఆలస్యంగా నీటిని తాకినా పడవ పక్కకు ఊగుతుంది, ఊగిన ప్రతిసారీ వేగం పడిపోతుంది.

బెర్లిన్ గోడ లేచిన ఆరు నెలలకు, 1962 ఫిబ్రవరి 25న, బెర్లిన్‌కు పశ్చిమాన హాఫెల్ నది ఒడ్డున ఉన్న బ్రాండెన్‌బర్గ్ పట్టణంలో ఫిషర్ పుట్టింది. అది ఉక్కు కర్మాగారం మీద బతికిన ఊరు, చుట్టూ చెరువులే. ఆరేళ్ల వయసులో తండ్రి ఆమెను కర్మాగారానికి అనుబంధమైన క్లబ్బులో పడవ ఎక్కించాడు. తూర్పు జర్మనీని చాలా దేశాలు ఇంకా రాజ్యంగా గుర్తించని ఆ రోజుల్లో, తన జెండా ప్రపంచం ముందు ఎగరడానికి ఆ ప్రభుత్వానికి దొరికిన దారి క్రీడలు. అందుకే 1969లో ఒక నిర్ణయం జరిగింది: బాస్కెట్‌బాల్ వంటి ఆటల్లో పన్నెండు మంది శ్రమిస్తే దక్కేది ఒకే పతకం కనుక వాటికి నిధులు తగ్గించి, తక్కువ మందితో ఎక్కువ పతకాలు తెచ్చే ఈత, రోయింగ్, కానూ వంటి క్రీడలకు ఆ వనరులు మళ్లించారు. పశ్చిమ జర్మనీ ఆతిథ్యమిచ్చిన 1972 ఒలింపిక్స్ కోసం ఆగ్స్‌బర్గ్‌లో కృత్రిమ ప్రవాహం నిర్మిస్తే, తూర్పువారు స్వికావ్‌లో దాని నకలు కట్టుకుని సాధన చేసి, స్లాలమ్ అనే ఆ ప్రవాహపు పందేల్లో నాలుగు స్వర్ణాలూ ఎగరేసుకుపోయారు.

ఫిషర్ తర్వాత చేరిన పోట్స్‌డామ్ సైనిక క్లబ్బు కూడా హాఫెల్ ఒడ్డునే ఉంది. అదే నది కొంత దూరం పోట్స్‌డామ్‌కూ పశ్చిమ బెర్లిన్‌కూ నడుమ సరిహద్దుగా నిలిచి, అనుమతి లేని ఏ పడవా దాటరాని నీరైంది. 1980 మాస్కోలో పద్దెనిమిదేళ్లకు ఆమె ఒంటరి పడవలో స్వర్ణం గెలిచిన పందెంలో పశ్చిమ జర్మన్లు లేరు, వారి దేశం బహిష్కరించింది. 1984లో లాస్ ఏంజెలిస్‌ను తూర్పు కూటమి బహిష్కరించడంతో, మహిళల నలుగురి పడవ పందెం ఒలింపిక్స్‌లో తొలిసారి చేరిన ఏడాదే ఆమె దూరంగా ఉండవలసి వచ్చింది. ఆమె తప్పేమీ లేకుండా, కండబలం ఉచ్చస్థితిలో ఉన్న వయసులో చేజారిన ఆ పందేలు నేటికీ మనసును కలచివేస్తాయి. 1988 సియోల్‌లో రెండు స్వర్ణాలు, ఒక రజతం గెలిచి ఆమె విరమించింది.

ఈ చరిత్రలో దాచకూడని చీకటి ఒకటుంది. తూర్పు జర్మనీలో 1974 నుంచి ఒక రహస్య ప్రభుత్వ పథకం కింద, మైనర్ బాలికలతో సహా ఎందరో క్రీడాకారులకు, చాలాసార్లు వారికి తెలియకుండానే, కండరాలు పెంచే హార్మోన్ మాత్రలు మింగించారు. ఆ దేశపు క్రీడా సమాఖ్య అధ్యక్షుడు మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌ను 2000లో బెర్లిన్ కోర్టు దోషిగా తేల్చింది. తూర్పు జర్మన్ పతకం ప్రతిదాన్నీ అనుమానించే అలవాటు అక్కడి నుంచే వచ్చింది, అది అకారణం కాదు. అయితే ఆ యంత్రాంగం కూలిన తర్వాత కూడా పద్నాలుగేళ్లు గెలుస్తూ వచ్చిన ఫిషర్‌ను కేవలం దాని సృష్టిగా కొట్టిపారేయడం న్యాయం కాదు.

ఏకీకరణ తర్వాత తూర్పున కర్మాగారాలు వరసగా మూతపడ్డాయి. బ్రాండెన్‌బర్గ్ ఉక్కు కర్మాగారంలో పాత కొలిమి 1993లో ఆరిపోగా, అక్కడ ఇప్పుడు మ్యూజియం ఉంది. క్రీడల్లో మాత్రం ఏకీకరణ ఒప్పందం 39వ అధికరణం తూర్పు జర్మనీ సంస్థలు కొన్నింటిని పేరుపేరునా కాపాడింది. బెర్లిన్‌లో పోటీ పడవలకు రూపకల్పన చేసే పరిశోధన సంస్థ వాటిలో ఒకటి, నేటికీ జర్మన్ జట్టుకు పడవలు అక్కడే తయారవుతాయి. అన్ని రంగాల్లోనూ పశ్చిమ పద్ధతే చెల్లుబాటైన కాలంలో తూర్పువారి నేర్పుకు దక్కిన అరుదైన గౌరవమిది. ఇద్దరు పిల్లల తల్లిగా ఫిషర్ తిరిగి వచ్చి, 1992 బార్సిలోనాలో ఒంటరి పడవ స్వర్ణాన్ని మళ్లీ అందుకుంది. 2000 సిడ్నీ ప్రారంభోత్సవంలో, ఒకప్పుడు తనకు ప్రత్యర్థి దేశానిదైన జెండాను పట్టుకుని జట్టు ముందు నడిచింది.

2004 ఏథెన్స్‌లో నలభై రెండేళ్ల ఫిషర్ ఎక్కిన నలుగురి పడవలో, ఆమె ఊరిలోనే పుట్టిన కాత్రిన్ వాగ్నర్‌తో పాటు, పశ్చిమాన లాంపర్ట్‌హైమ్‌కు చెందిన పందొమ్మిదేళ్ల కరోలిన్ లియోన్‌హార్ట్ కూడా ఉంది. హంగరీ జట్టును సెకనులో అయిదో వంతు తేడాతో దాటి వారు స్వర్ణం గెలిచారు. గోడకు అవతల, పశ్చిమ బెర్లిన్‌లో 1981లో పుట్టిన కాయక్ క్రీడాకారుడు రొనాల్డ్ రౌహే పేరు తెచ్చుకున్నది కూడా పోట్స్‌డామ్ క్లబ్బులోనే. అదే ఏథెన్స్‌లో ఇద్దరి పడవలో స్వర్ణం గెలిచిన అతడు, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నలుగురి పడవలో మరో స్వర్ణం అందుకున్నాడు. అతడు పెళ్లాడిన ఫానీ ఫిషర్, బిర్గిట్ మేనకోడలు. 2008 బీజింగ్‌లో నలుగురి పడవ స్వర్ణం ఫానీ జట్టుదే.