దుంగ ఎంతో గది అంత

కతార్‌లో అడవి లేదు. ఖర్జూరాలు, ముళ్ళతుమ్మలు, తీరం వెంబడి కాసిని మడచెట్లు తప్ప, ఇంటి దూలానికి పనికొచ్చే చెట్టు కనపడదు. మరి చమురు రాకముందు ఇక్కడివాళ్ళు ఇంటికప్పు దేంతో వేసుకున్నారు? దోహాకి వాయవ్యంగా వంద కిలోమీటర్లు వెళ్ళి, అల్ జుబారా కోటలో తల పైకెత్తితే జవాబు దొరుకుతుంది.

ఈ కోట 1938లో షేక్ అబ్దుల్లా బిన్ జాసిం అల్ థానీ కట్టించింది. మీటరు మందం రాతిగోడలు. కప్పులో నాలుగు వరుసలు: అడుగున ‘దంచల్’ అనే మడచెట్టు దుంగలు, వాటి మీద వెదురు, దాని మీద అల్లిన చాప, ఆ పైన గట్టిగా దిమ్మిస కొట్టిన మట్టి. గల్ఫ్ తీరానికి ఈ మడదుంగలు తూర్పు ఆఫ్రికా నుంచి తెరచాప ఓడల్లో వచ్చేవి. కప్పుకి పనికొచ్చే దుంగ పొడవు మూడు మీటర్లకి అటూఇటూ. అందుకే ఈ ప్రాంతపు పాత ఇళ్ళలో గదులు ఎంత పొడవైనా సాగుతాయి గానీ వెడల్పు మాత్రం పెరగదు. గది కొలత ఎక్కడో ఆఫ్రికా మడ అడవిలోనే తేలిపోయిందన్నమాట!

మా కడప జిల్లా మట్టిమిద్దె దీనికి దగ్గరి చుట్టమే. దూలాలు, దంతెలు, వాటి మీద సన్నకట్టెలు, ఆకు, మట్టి, చివర చౌడు. వానలకి ముందు ఏటా మిద్దెక్కి కొత్త చౌడు పొయ్యాల్సిందే. మట్టికప్పుకి మనిషి చెయ్యి పడుతూనే ఉండాలి.

జుబారా కోటలో 1980ల నడిమి దాకా కాపలావాళ్ళు ఉన్నారు. 1987లో బాగుచేసి మ్యూజియం చేశారు. పక్కనే 1811లో దాడికి గురై నాశనమైన ముత్యాల వర్తకుల ఊరి శిథిలాలున్నాయి. 2013లో యునెస్కో జాబితాకెక్కింది కూడా ఆ ఊరి వల్లే. తవ్వి తీసిన గోడని అలాగే వదిలేస్తే ఉప్పుగాలి తినేస్తుంది, పూత పూస్తూనే ఉండాలి.

దోహా నడిబొడ్డున ముషైరిబ్‌లో ఇంకో నాలుగు పాత ఇళ్ళు నిలబెట్టి 2015లో మ్యూజియంలు చేశారు. నాకు నచ్చింది కంపెనీ హౌస్. తొలి చమురు కంపెనీ కార్యాలయం అది. 1949 చివర్లో తొలి చమురు ఓడ కదలడానికి ముందూ తర్వాతా చెమటోడ్చిన కూలీల కథ అందులో ఉంది. బిన్ జెల్మూద్ ఇల్లయితే బానిసత్వం గురించి చెబుతుంది. ఇక్కడ దాన్ని రద్దు చేసింది 1952లో. దాచిపెట్టకుండా చూపించడం నాకు గొప్పగా అనిపించింది.

ఇక్కడి జీతాలతోనే మా ఊళ్ళో మిద్దెలు కూలి స్లాబులు లేచాయి. మా ఇంటి దూలాలు పాతకట్టె కొనేవాళ్ళ లారీ ఎక్కాయి. తప్పుపట్టను. చౌడు తోలాల్సిన మగవాళ్ళంతా కువైట్‌లోనో కతార్‌లోనో ఉంటే మిద్దె ఎవరెక్కుతారు? ఇంకా మూడు మిగిలాయని విని, కనీసం దూలాల లెక్క, గదుల కొలతలు రాసిపెట్టమని మా చిన్నాయనకి ఫోన్ చేశాను.

“రాస్తాలే గానీ, నిచ్చెన ఎవురు పట్టుకుంటార్రా?” అన్నాడు.