చంపా ఆలయాలు – చామ్ ప్రజలు: వియత్నాం వారసత్వ పర్యాటకం

వియత్నాం ప్రభుత్వం అధికారికంగా గుర్తించిన 54 జాతులలో చామ్ ఒకటి. 2019 జనాభా లెక్కల ప్రకారం వీరి సంఖ్య 1,79,000కు కొద్దిగా తక్కువ. దేశ జనాభాలో ఇది స్వల్పభాగమే అయినా, మధ్య వియత్నాం తీరంలో పర్యాటకులను ఆకర్షించే ప్రాచీన ఇటుక ఆలయాలు అత్యధికం వీరి పూర్వికులు కట్టినవే. ఈ ఆలయాలకు, వాటిని నిర్మించిన వారి సంతతికి మధ్య నేడు మిగిలిన సంబంధమెట్టిదన్నది విచారణీయాంశం.

అమరావతి, విజయ, కౌఠార, పాండురంగ అనేవి చంపా దేశభాగాల పేర్లు. ఈ పేర్లు వినగానే తెలుగువారికి ఆత్మీయత కలగడం సహజం. కాని నామసామ్యం ఒక్కటే వలసకు సాక్ష్యం కాజాలదు. 1927లో ఆర్.సి. మజుందార్ చంపాను ప్రాచీన భారతీయ వలసరాజ్యంగా భావించి గ్రంథం రచించాడు. ఆ దృష్టిలో చామ్ ప్రజలు తమ చరిత్రలో తామే అతిథులుగా మిగిలిపోతారు. 1471లో విజయ, 1832లో పాండురంగ వియత్ పాలకుల వశమయ్యాయి.

మీ సన్‌లో నాలుగో శతాబ్ది చివరి ప్రాంతంలో భద్రవర్మ భద్రేశ్వరస్వామిని ప్రతిష్ఠించాడు. అతని సంస్కృత శాసనం పర్వతాలు ఎల్లలుగా ఉన్న భూమిని, అందలి కుటుంబీకులతో సహా, దేవునికి అక్షయనీవిగా సమర్పించినట్లు చెబుతుంది. నాగార్జునకొండ శాసనాలు చదివినవారికి అక్షయనీవి పరిచితమైన మాటే. గమనింపదగినది ఆ దానంలో జనులు కూడా ఉండడం. భూమిని, దేవుని, జనులను ఒకే బంధంగా శాసనం భావించింది. నేడు మీ సన్ పరిసరాలలో చెప్పుకోదగిన చామ్ జనావాసం లేదు. 1903–04లో హెన్రీ పార్మాంటియే ఇక్కడి కట్టడాలను పరిశీలించి చిత్రించాడు. వాటిలో ప్రధానమైన ఎ1 ఆలయం 1969లో అమెరికన్ బాంబుదాడిలో కూలిపోయింది. 1980ల నుంచి పోలండ్ వాస్తుశిల్పి క్వియాత్కోవ్‌స్కీ, 2017–2022 మధ్య భారత పురావస్తు శాఖ పునరుద్ధరణకు పూనుకొన్నారు. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక ఈ లోయ పర్యాటక కేంద్రమైంది. శిల్పాల భంగిమలను అనుసరించి రంగస్థలం కోసం కూర్చిన నృత్యాలు ఇక్కడ ప్రదర్శిస్తారు. ఆరాధకులు లేని చోట ఆరాధనాభినయం మిగిలింది.

నాచాంగ్‌లోని పో నగర్ చరిత్ర భిన్నమైనది. 774లో సముద్రంపై వచ్చినవారు ఆ ఆలయాన్ని దహించగా, 784లో సత్యవర్మ పునర్నిర్మించాడు. 1653 తరువాత ఆ ప్రాంతం వియత్ పాలనలోకి వచ్చినప్పుడు దేవతను తొలగించలేదు. చామ్ తల్లి పో ఇను నగర్ ‘థియెన్ ఇ ఆ నా’గా మారింది. 1856లో ఫాన్ థాన్ జాన్ వేయించిన శిలాఫలకం ఆమె కథను వియత్ సంప్రదాయానికి అనుగుణంగా చెబుతుంది. దీనిని అపహరణమనే అనవచ్చు. అయితే ఆ అపహరణమే ఆలయాన్ని నిత్యపూజలతో నిలిపింది. చాంద్రమాన మూడవ నెల ఉత్సవానికి నేటికీ వియత్, చామ్ భక్తులు ఇద్దరూ వస్తారు. పర్యాటకులు ఇక్కడ చూసేది శిథిలాలను కాదు, కొలువును.

చామ్ జాతి స్వయంగా నిర్వహించే ఉత్సవాన్ని చూడాలంటే దక్షిణంగా ఫాన్ రాంగ్‌కు వెళ్లాలి. చామ్ పంచాంగం ప్రకారం ఏడవ నెల మొదట, అంటే సాధారణంగా సెప్టెంబరు చివరన గాని అక్టోబరులో గాని, పో క్లోంగ్ గరాయ్ ఆలయంలో ‘కాతె’ పండుగ జరుగుతుంది. దేవునిగా పూజలందుకొనే రాజు వస్త్రాలు కొండప్రాంతపు రాగ్లాయ్ జాతివారి సంరక్షణలో ఉంటాయి. వారు ఆ వస్త్రాలను మోసుకొని మైదానానికి దిగివచ్చిన తరువాతనే తంతు సాగుతుంది. 2017లో దీనికి జాతీయ అమూర్త వారసత్వ గుర్తింపు లభించింది. గర్భాలయంలో పూజారులు చేసే అభిషేకం, అలంకరణ ఇరుకైన చోట, మందగతిన జరుగుతాయి. బయటి ఊరేగింపు, నృత్యాలే కెమెరాలకు అందుతాయి. పర్యాటక ప్రచారం సహజంగానే రెండవదానికి ప్రాధాన్యమిస్తుంది. రాగ్లాయ్‌ల పాత్రను విస్మరిస్తే ఈ పండుగ అర్థమే మారుతుంది.

ఫాన్ రాంగ్ సమీపంలోని బావ్ చుక్ గ్రామంలో కుమ్మరి పని స్త్రీలది. ఇక్కడ కుమ్మరిసారె లేదు. మట్టిముద్ద కదలదు, స్త్రీయే దాని చుట్టూ తిరుగుతూ కుండను మలుస్తుంది. ఆ తరువాత ఆరుబయటే గడ్డి, కట్టెలతో కాలుస్తారు. ఒకప్పుడు వంటకుండలు, నీటికడవలు చేసిన చేతులు నేడు పర్యాటకుల కోసం అలంకరణ వస్తువులు కూడా చేస్తున్నాయి. అయినా 2022లో యునెస్కో ఈ విద్యను తక్షణ పరిరక్షణ అవసరమైన వారసత్వాల జాబితాలో చేర్చింది. కొనుగోలుదారులు వస్తున్నా విద్య క్షీణిస్తున్నదన్నమాట. యువతరపు అనాసక్తితో పాటు అందుకు చూపిన మరో కారణం, పట్టణీకరణ వల్ల ముడిసరకు దొరకడం కష్టమవుతూ ఉండడం.